300 రూపాయలతో విశాఖ రాత్రి: హాస్టల్ విద్యార్థుల కోసం

విశాఖపట్నానికి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులు మొదటి నెలలోనే రెండు రకాలుగా విడిపోతారు. హైదరాబాదు, బెంగళూరు చూసి వచ్చినవాళ్లు పబ్బుల పేర్లూ, లోపలికి వెళ్లడానికి కట్టే సొమ్మూ చెబుతుంటే, పలాస, పాలకొండ, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్లు ఆ అంకెలు విని, రాత్రిపూట సరదా తమలాంటివాళ్లకు కాదనుకొని గదిలోనే ఉండిపోతారు. నేను ఈ రెండో రకానికి చెందినవాణ్ని. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మొదటి ఏడాది సగం సాయంత్రాలు హాస్టల్ మేడ మీద సముద్రపు గాలి పీల్చుకోవడంతోనే సరిపెట్టుకున్నాను. ఈ ఊరి రాత్రిలో బాగున్నవన్నీ దాదాపు ఉచితంగానో చిల్లర డబ్బులకో దొరుకుతాయనీ, జేబు ఖాళీ అయ్యేది తిరిగి గది చేరుకునే దారిలోనేననీ తెలిసేసరికి రెండో ఏడాది వచ్చింది. అందుకే ఇక్కడ తిండి గురించి, సినిమా గురించి చెప్పేముందు తిరుగు ప్రయాణం గురించి చెబుతాను.

అంతకన్నా ముందు ఊరి వేళలు తెలియాలి. విశాఖ అర్ధరాత్రి మేలుకొని ఉండే ఊరు కాదు. సాయంత్రం 6 నుంచి 11 వరకు ఒక పూట, తెల్లవారుజామున 4 నుంచి 7 వరకు మరొక పూట కళకళలాడుతుంది. నడుమ ఉన్న గంటల్లో రోడ్డు మీద తిరిగినవారికి మూసిన షట్టర్లు, కుక్కలు, ఎక్కువ అడిగే ఆటోలు తప్ప మరేమీ కనిపించవు. కాబట్టి 11 గంటలకు ఇంకా ఏదో మిగిలి ఉందన్న ఆశతో డబ్బు తగలేయకుండా గదికి వెళ్లి పడుకోవడం, ఓపిక ఉంటే 4 గంటలకు మళ్లీ లేవడం మంచి పద్ధతి.

తిరుగు దారి లెక్క

రెండో ఏడాదిలో ఒక పౌర్ణమి నాడు నలుగురం కలిసి భీమిలి వెళ్లాము. వెళ్లేటప్పుడు బీచ్ రోడ్డు మీదుగా బస్సులో హాయిగా వెళ్లాము. వెన్నెల బాగుంది, కబుర్లు బాగున్నాయి, లేచి వచ్చేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయింది. అక్కడ ఉన్న ఒకే ఒక ఆటో అతను మా ముఖాలు చూసి ధర చెప్పాడు. "అన్నా, స్టూడెంట్లమన్నా" అని ఎంత బతిమాలినా తగ్గలేదు. ఆ నెల మిగిలిన పది రోజులూ నలుగురం సాయంత్రం టీ మానుకున్నాము. అతని తప్పు పెద్దగా లేదు, అంత దూరం నుంచి అతను ఖాళీగా తిరిగి వెళ్లాలి. భీమిలిలో దిగగానే కండక్టరును "ఆఖరి బండి ఎన్నింటికండీ?" అని అడగకపోవడం మా తప్పు.

అందువల్ల ఏ రాత్రి బయలుదేరినా చేతిలో ఉన్న సొమ్ములో మూడో వంతును తిరుగు ప్రయాణానికి ముందే పక్కన పెట్టండి. 300 రూపాయలుంటే 100 రూపాయలు తాకరానివి. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వైపు వెళ్లే 900కె, కైలాసగిరికి వెళ్లే 10కె లాంటి బస్సులు విద్యార్థికి పెద్ద దిక్కు. అయితే చీకటి పడ్డాక బండికీ బండికీ మధ్య ఎడం పెరుగుతుంది కనుక, ఆఖరి బస్సును నమ్ముకోకుండా దానికి ముందు బస్సు ఎక్కాలన్న నియమం పెట్టుకోవాలి. అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి, సున్నా టికెట్టు అడిగి తీసుకోవాలి. కార్డు గదిలో మరచిపోతే మామూలు టికెట్టు కొనవలసిందే.

బస్సు లేనిచోట షేర్ ఆటో ఉంటుంది. మద్దిలపాలెం, ఆర్టీసీ కాంప్లెక్స్, జగదాంబ, గాజువాక వంటి పెద్ద జంక్షన్ల మధ్య సీటు లెక్కన నడిచే ఆటోలు మనిషికి చిల్లర డబ్బులే తీసుకుంటాయి. ఖాళీ ఆటోలో మనం ఒక్కరమే ఎక్కితే మాత్రం, అది సీటు బేరమో మొత్తం ఆటో బేరమో ఎక్కకముందే తేల్చుకోవాలి. "సీటుకి ఎంత బాబూ?" అని ఒక్క మాట అడిగితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. ఫోనులో బైక్ బుక్ చేసేవారు బీచ్ ఎదుట గుంపు మధ్య నిలబడి బుక్ చేయకుండా, రెండు వీధులు ఎగువకు సిరిపురం వైపో పాండురంగాపురం వైపో నడిచివచ్చి చేస్తే బండి త్వరగా దొరుకుతుంది. ఆదివారం సాయంత్రాలు ఛార్జీ కూడా తగ్గిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

ఖర్చు అదుపులో పెట్టడానికి పూర్వం నోట్లు విడివిడి జేబుల్లో పెట్టుకొనేవాళ్లం. ఇప్పుడు అంతా ఫోనులోనే కనుక యూపీఐ లైట్‌ను అందుకు వాడుకోవచ్చు. బయలుదేరేముందు అందులో 200 రూపాయలు మాత్రమే వేసుకొని, ఆ రాత్రి దాని నుంచే చెల్లించాలి. అది ఖాళీ అయితే సరదా అయిపోయినట్లే. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్టడం మొదలుపెడితే పదీ ఇరవైగా ఎంత పోయిందో మరునాడు గాని తెలియదు. ఇక హాస్టల్ గేటు వేసే వేళ కూడా ఖర్చు లెక్కలోకే వస్తుంది. గేటు వేళ దాటిపోయి బయట గది తీసుకోవలసి వస్తే నెల బడ్జెట్టు ఒక్క రాత్రిలో పోతుంది. ఆలస్యమవుతుందనుకుంటే వార్డెన్‌కు ముందే చెప్పి, రిజిస్టరులో రాసి వెళ్లడం ఉత్తమం.

ఒడ్డున

రామకృష్ణా (ఆర్కే) బీచ్‌కు సాయంత్రం వెళ్లనివారు విశాఖలో ఉండరు. అయినా చాలామంది రోడ్డు పక్క గోడ మీద అరగంట కూర్చొని, ఫొటో తీసుకొని వెళ్లిపోతారు. అక్కడ మూడు గంటలు గడపడానికి కావలసినంత ఉంది. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి నుంచి ఉత్తరానికి నడుస్తూ వెళితే ఒడ్డుకు చేర్చిన కురుసుర జలాంతర్గామి కనిపిస్తుంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఆ జలాంతర్గామి లోపల ఒకరి వెనుక ఒకరు నడవవలసినంత ఇరుకులో నావికులు ఎలా నిద్రపోయారో, ఎలా వండుకున్నారో దగ్గరగా చూడవచ్చు. సోమవారం సెలవు. చీకటి పడ్డాక కూడా తెరిచి ఉంటుంది కనుక సాయంత్రం క్లాసులయ్యాక వెళ్లవచ్చు. రోడ్డుకు అవతల 2017లో ప్రారంభమైన టీయూ 142 విమాన మ్యూజియం ఉంది. ఒకే రోజు రెండూ చూస్తే టికెట్లకే డబ్బు అయిపోతుంది, కాబట్టి ఒక నెల ఒకటి, మరో నెల ఇంకొకటి పెట్టుకోండి.

బీచ్‌లో కొనదగిన వస్తువు నా దృష్టిలో ఒక్కటే, అది మురీ మిక్చర్. మిగతా చోట్ల మరమరాలనీ బొరుగులనీ పిలిచేవాటిని మనం మురీలంటాము. బండి వాడు పొడుగాటి స్టీలు గిన్నెలో రెండు గుప్పెళ్ల మురీలు పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, వేయించిన వేరుశనగ గుళ్లు, ఉప్పూ కారం, కొత్తిమీర వేసి, నిమ్మచెక్క పిండి, గరిటెను గిన్నె గోడలకు తగిలేలా టకటకలాడిస్తూ కలుపుతాడు. ఆ చప్పుడుకే మనుషులు ఆగుతారు. కాగితం పొట్లంలో పోసి, అట్టముక్కను చెంచాలా గుచ్చి చేతికిస్తాడు. చేతిలోకి రాగానే తినాలి. సముద్రపు తడిగాలికి అయిదు నిమిషాల్లో మురీలు మెత్తబడిపోతాయి. కాబట్టి నలుగురు ఉన్నప్పుడు నాలుగు పొట్లాలు ఒకేసారి కొనకుండా, ఒకటి కొని పంచుకొని, అయ్యాక ఇంకొకటి కొంటే రుచీ దక్కుతుంది, డబ్బూ మిగులుతుంది. "కారం కొంచెం ఎక్కువేయండి బాబాయ్" అని అడిగితే సంతోషంగా వేస్తారు.

ఇక వెన్నెల సంగతి. మనది తూర్పు తీరం కనుక చంద్రుడు సముద్రంలోంచే లేస్తాడు. పౌర్ణమి నాడు సూర్యుడు కొండల వెనక్కి దిగే వేళకే, ఇంచుమించు అదే సమయంలో, నీళ్ల మీద ఎర్రగా, వెడల్పుగా చంద్రబింబం పైకి వస్తుంది. నవంబరులో అయితే సాయంత్రం 5.30 ప్రాంతంలోనే చూడవచ్చు. ఆ తరువాతి రోజు నుంచి రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది. కనుక పౌర్ణమి నాటి జనం వద్దనుకుంటే, విదియ నాడు భోజనం కానిచ్చుకొని తీరుబడిగా వెళ్లవచ్చు. పంచాంగం గాని ఇంట్లో తగిలించే తెలుగు క్యాలెండరు గాని చూసుకొని నెలలో ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. అమావాస్య ముందు వెనుక రోజుల్లో మరో అందం ఉంది. పోర్టులోకి వెళ్లే వంతు కోసం దూరాన లంగరు వేసి నిలిచిన ఓడల దీపాలు వరుసగా కనిపిస్తాయి, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు తిరుగుతూ ఉంటుంది. ఆ వెలుగు ఎన్ని లెక్కలకొకసారి వస్తుందో లెక్కపెడుతూ మేము గంటలు గడిపాము.

నీళ్లలోకి మాత్రం చీకటి పడ్డాక దిగవద్దు. ఈ మాట లాంఛనానికి చెప్పడం లేదు. ఈ తీరంలో ఒడ్డు కొన్ని అడుగుల్లోనే హఠాత్తుగా లోతు పోతుంది. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింది ఇసుకతో సహా లాగుతుంది. ఈత వచ్చినవాళ్లే కొట్టుకుపోయారు. ఏటా ఈ బీచ్‌లలో చనిపోయేవారిలో విద్యార్థులు ఉంటూనే ఉన్నారు. పుట్టినరోజు వేడుకకని వచ్చి, కేకు పూసుకొని కడుక్కోవడానికి అలల్లోకి వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె ఆగినంత పని అవుతుంది. కడుక్కోవడానికి సీసాలో నీళ్లు వెంట తెచ్చుకోండి. అలాగే దీపాలు, కుటుంబాలు, బండ్లు ఉన్న చోటనే కూర్చోండి. ఎక్కడైనా ఇబ్బంది ఎదురైతే పోలీసులకు 112, మహిళలకు 181 నంబర్లు ఉన్నాయి. అమ్మాయిలు రాష్ట్ర పోలీసుల శక్తి యాప్‌ను ముందే ఫోనులో పెట్టుకోవడం మంచిది.

తిండి, సినిమా, పాట

రాత్రి భోజనానికి ఏళ్ల తరబడి విద్యార్థులకు అన్నం పెట్టిన చోటు పాత జైలు రోడ్డులోని నైట్ ఫుడ్ కోర్టు. ఆ బండ్లను 2025లో నగరపాలక సంస్థ తొలగించింది. పాత వీడియోలు చూసి అక్కడికి వెళ్లి వెనక్కి రాకండి. ఇప్పుడు బండి ఎక్కడ ఉందని వెతకడం కన్నా బండిని ఎలా ఎంచుకోవాలో తెలిస్తే ఏ వీధిలోనైనా బతకవచ్చు. రద్దీ ఉన్న బండి దగ్గర సరుకు నిలవ ఉండదు. నూనె నల్లబడి, అడుగున మడ్డి కనిపించే మూకుడు దగ్గర బజ్జీలు తినవద్దు. రాత్రి 10 దాటాక పచ్చి చట్నీ జోలికి పోకుండా, పెనం మీద నుంచి నేరుగా పళ్లెంలోకి వచ్చే గుడ్డు దోసె, ఎగ్ ఫ్రైడ్ రైస్ లాంటివి తీసుకోవాలి. ఫాస్ట్ ఫుడ్ బండి వద్ద ఒక ఫుల్ ప్లేటు ఇద్దరికి సరిపోతుంది, రెండు హాఫ్ ప్లేట్లు తీసుకుంటే ఎక్కువ పడుతుంది. గదిలో కుక్కరు ఉన్నవాళ్లు అన్నం వండి పెట్టుకొని, వచ్చే దారిలో కర్రీ పాయింట్‌లో ఒక కూర, ఒక సాంబారు ప్యాకెట్టు తెచ్చుకుంటే బయట తిన్నదానిలో సగం ఖర్చుకే కడుపు నిండుతుంది.

సినిమాకు జగదాంబ జంక్షన్ వైపు పాత థియేటర్లే నా సలహా. 1970లో మొదలైన జగదాంబ థియేటరు పేరే ఆ కూడలికి వచ్చిందంటే ఈ ఊరికి సినిమా ఎంత ముఖ్యమో తెలుస్తుంది. పెద్ద హీరో సినిమా విడుదలైన వారంలో వెళితే ధర ఎక్కువ ఉంటుంది, సీటు దొరకదు. రెండో వారం, అందులోనూ వారం మధ్యలో వెళ్లండి. సెకండ్ షో కన్నా ఫస్ట్ షో మేలు, ఎందుకంటే వదిలేసరికి ఇంకా బస్సులుంటాయి. సెకండ్ షో చూడాలనుంటే నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న స్నేహితుడి గది ముందే చూసుకోవాలి. మాల్‌లో టికెట్టు చవకగా దొరికినా లోపల పాప్‌కార్న్ ధర టికెట్టును మించిపోతుంది. తినే పని ముందే ముగించుకొని లోపలికి వెళ్లాలి.

విద్యార్థులు దాదాపుగా పట్టించుకోనివి సభాగృహాలు. పిఠాపురం కాలనీలోని కళాభారతి ఆడిటోరియంలో కర్ణాటక సంగీత కచేరీలు, కూచిపూడి ప్రదర్శనలు, సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రంలో నాటకాలు, సాంస్కృతిక కార్యక్రమాలు, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పుస్తకావిష్కరణలు, సాహిత్య సభలు జరుగుతుంటాయి. చాలావాటికి ప్రవేశం ఉచితం. దినపత్రికలో విశాఖ జిల్లా పేజీలో "నేటి కార్యక్రమాలు" చూస్తే చాలు. మా మిత్రుడు ఒకడు మొదటిసారి ఏసీ కోసమే కళాభారతికి వచ్చి, మృదంగం ఒక్కటే వాయించే తనియావర్తనం వినడానికి చివరి దాకా కూర్చుండిపోయాడు. మూడేళ్లు ఒక్క సీజను కూడా వదల్లేదు.

పబ్బుల విషయం క్లుప్తంగా చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం తాగడానికి చట్టం పెట్టిన కనీస వయసు 21 ఏళ్లు. డిగ్రీ, బీటెక్ విద్యార్థుల్లో ఎక్కువమందికి ఈ ప్రశ్న అక్కడితో ముగుస్తుంది. వయసు వచ్చినవారు లోపలికి వెళ్లేముందే కవర్ ఛార్జీ ఎంత, అందులో తిండికీ పానీయాలకూ తిరిగి వాడుకోగలిగేది ఎంత అని అడగాలి. బిల్లులో సర్వీస్ ఛార్జీ వేస్తే అది తప్పనిసరి కాదని గుర్తుంచుకొని, తీసివేయమని మర్యాదగా చెప్పాలి. మాకు ఒక హోటల్లో ముగ్గురి బిల్లుకు అది కలిపి ఇచ్చారు, అడగగానే మారు మాట లేకుండా తీసేశారు. బండి నడిపేవాళ్లు ఒక్క గుక్క కూడా తాగరాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం మించితే మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

ఊరంతా మేలుకొనే రాత్రులు

ఏడాదిలో కొన్ని రాత్రులు విశాఖ తన నియమాన్ని తానే తప్పి తెల్లవార్లూ మేలుకొంటుంది. వాటిలో పెద్దది సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు మధ్యాహ్నం అడవివరం వద్ద, కొండ మెట్ల మొదట ఉన్న తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండను చుట్టి 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. దారి హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, సీతమ్మధార, ఎన్ఏడీ, గోపాలపట్నం వంటి చోట్ల ఊరి నడిమధ్య నుంచే సాగుతుంది. పొడవునా కాలనీలవాళ్లు మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర, పండ్లు పంచుతూ "తీసుకోండమ్మా, తీసుకో నాయనా" అని చేతిలో పెడతారు. ఆ రాత్రి జేబులో పైసా లేకపోయినా ఆకలి తెలియదు. పాదాలు మాత్రం తెలుస్తాయి. కొత్త చెప్పులు వద్దు, పొడి గుడ్డ, బొబ్బలకు ప్లాస్టరు, వర్షానికి ఒక ప్లాస్టిక్ కవరు చాలు. అంతా నడవలేనివారు తమ గది ఉన్న ప్రాంతం మీదుగా జనం వెళ్లే వేళకు వచ్చి, పది కిలోమీటర్లు కలిసి నడిచినా ఆ రాత్రి అనుభవం దక్కుతుంది.

మార్గశిర మాసంలో గురువారాలకు ముందు రాత్రి బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి వీధులు అర్ధరాత్రి కూడా నిండి ఉంటాయి. పైకప్పు లేని గర్భాలయంలో, భక్తులే స్వయంగా అమ్మవారికి పసుపు కుంకుమలతో పూజ చేసుకొనే గుడి అది. డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం వస్తుంది. ఆ సందర్భంగా నౌకాదళం చేసే విన్యాసాలు ఆర్కే బీచ్‌లో జరిగే ఏడాది, అసలు రోజు జనసముద్రంలో నలిగిపోకుండా, ముందు జరిగే రిహార్సళ్లకు వెళ్లండి. అవే హెలికాప్టర్లు, అవే కమాండోలు, ముందు వరుసలో చోటు దొరుకుతుంది.

తెల్లవారుజాము

రెండో పూటకు లేచేవారు తక్కువ. లేచినవారికి ముందుగా ఫిషింగ్ హార్బర్ చెబుతాను. చీకటితోనే బోట్ల నుంచి బుట్టలు దిగుతాయి, నేల మీద చేపలు కుప్పలుగా పోస్తారు, జాలరి ఆడవాళ్లు చుట్టూ చేరి గొంతెత్తి పాట పాడుతారు. వేలం పాటను ఇక్కడ అందరూ పాట అనే అంటారు. నేల తడిగా, జారుడుగా ఉంటుంది కనుక పట్టు ఉన్న చెప్పులు వేసుకొని, పని చేసేవాళ్ల దారికి అడ్డం రాకుండా ఒక పక్కగా నిలబడి చూడాలి. ఫొటో తీసేముందు "తియ్యొచ్చా అమ్మా?" అని అడగాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో వెళితే ఈ సందడి కనిపించదు.

అక్కడి నుంచి కోస్టల్ బ్యాటరీ మీదుగా నడిచి ఆర్కే బీచ్ చేరేసరికి తూర్పు తెల్లబడుతుంది. ఆ వేళలో బీచ్ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు. రాత్రి హారన్లతో చెవులు పగిలిన అదే రోడ్డు మధ్యలో పిల్లలు స్కేటింగ్ చేస్తుంటారు, పెద్దలు చేతులూపుకుంటూ నడుస్తుంటారు. రాత్రి మిగిలిన సొమ్ములో పది రూపాయలు పెట్టి సైకిల్ మీద తెచ్చే టీ తీసుకొని, గోడ మీద కూర్చుంటే ఎదురుగా సూర్యుడు నీళ్లలోంచి వస్తాడు. కాస్త ఎండ ఎక్కగానే బారికేడ్లు జరిపి బండ్లను వదులుతారు, సిరిపురం ఎత్తు ఎక్కి నడిస్తే హాస్టల్లో టిఫిన్ వేళకు చేరుకోవచ్చు, పక్కన పెట్టిన ఆ 100 రూపాయలు తరువాతి పౌర్ణమికి అలాగే ఉంటాయి.